వటవర్లపల్లిలో బస్సు ఆగితే కనిపించిన డేగ

హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సులో వెళ్తున్నప్పుడు నల్లమల అడవిలోకి వెళ్లే మన్ననూరు చెక్‌పోస్ట్ దాటిందంటే చాలు, జనం పులి కనపడుతుందేమోనని కిటికీలకి అతుక్కుపోతారు. పులి కనపడదు, కోతులు కనపడతాయి. ఈసారి వటవర్లపల్లిలో టిఫిన్ కోసం బస్సు ఆపితే, చల్లారిపోయిన ఇడ్లీకి సిటీ హోటల్ రేటు చెప్పారు. అడవి మధ్యలో వేరే దిక్కు లేదనే ధైర్యం కాబోలు. ఒళ్లు మండి టీ ఒక్కటే తీసుకుని రోడ్డు పక్క చింతచెట్టు కిందకి వెళ్లాను.

అప్పటిదాకా గోల చేస్తున్న గోరింకలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి, ఉడుత ఒకటి మాత్రం కాండానికి కరుచుకుని ఆపకుండా అరుస్తోంది. ఎందుకా అని కొమ్మల్లోకి చూస్తే, గుబురులో పావురం కంటే కాస్త చిన్నగా, వీపు బూడిద రంగులో, రొమ్ము మీద సన్నటి ఇటుకరంగు చారలతో శిక్రా డేగ! కళ్లు ఎర్రగా ఉన్నాయంటే మగది, ఆడదానికి కళ్లు పసుపు వైపు ఉంటాయి, ఒళ్లు కూడా పెద్దది.

"గద్దేనా అన్నా?" అన్నాడు కండక్టర్ పక్కకొచ్చి. కాదన్నా, గద్ద ఆకాశంలో గిరికీలు కొడుతుంది, తోక చీలి ఉంటుంది, ఇది ఆకుల్లో దాక్కుని మాటు వేస్తుంది అని చెబుతున్నానో లేదో, అది కొమ్మ వదిలి నేలకి ఆనుకున్నట్టే కిందుగా దూసుకెళ్లి, కంచె మీద ఎండ కాగుతున్న తొండని కాళ్లతో పట్టేసింది. రెప్పపాటు పని. మళ్లీ చెట్టెక్కి, తొండని గోళ్ల కింద అదిమిపెట్టి ముక్కుతో చీల్చుకు తింటుంటే కండక్టర్ బస్సు సంగతే మర్చిపోయి చూశాడు.

తొండలే కాదు, ఎలుకలు, మిడతలు, కప్పలు, చిన్న పిట్టలు, ఏది దొరికితే అది తింటుంది. మా అమ్మమ్మ కోడిపిల్లల్ని కాపాడుకోవడానికి గద్ద నీడ పడితే చాలు "హుష్" అంటూ చేట పట్టుకుని పరిగెత్తేది, పెరటి వేపచెట్టులో కూర్చున్న డేగని మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. ఊళ్లో, అడవిలో, సిటీ పార్కుల్లో కూడా బతికేస్తుంది మరి. వేసవిలో ఆడా మగా కలిసి పుల్లలతో కాకిగూడు లాంటి గూడు కడతాయి, మూడు నాలుగు గుడ్లు, మూడు వారాల్లోపే పిల్లలు. త్వరగా మచ్చికవుతుందని పూర్వం వేటగాళ్లు దీన్ని పెంచి, పూరేడు పిట్టల్నీ కౌజుల్నీ పట్టించేవాళ్లు. ఇప్పుడు పట్టుకుంటే వన్యప్రాణి చట్టం కింద కేసే, అది మంచిదే.

దోమలపెంట దగ్గర బస్సు మళ్లీ నెమ్మదించినప్పుడు అచ్చం డేగ కూసినట్టే "టీ-టూ" అని కూత వినపడింది, తల బయటపెట్టి చూస్తే తీగ మీద నల్ల ఏట్రింత, అదే పసులపోలిగాడు పిట్ట. డేగలా కూసి గోరింకల్ని బెదరగొట్టి వాటి మేత కాజేయడం ఈ పిట్టకి తెలిసిన విద్య. పక్క సీటు పెద్దాయన "పులా బాబూ?" అని లేచి నిలబడ్డాడు. ఏట్రింతని చూపించి సంగతి చెబితే ఈగలపెంట దాకా ఆయనే నాకు పిట్టల్ని చూపిస్తూ వచ్చాడు.