డాబా మీద నీడ గీతలు: మార్చి నుంచి జూలై దాకా

మార్చి 21
ఎండాకాలంలో కుండీలు ఎక్కడ సర్దాలో, గ్రీన్ నెట్ ఎటు కట్టాలో ఈసారి నీడ కొలిచి తేల్చుకోవాలనుకున్నాను. మాది హైదరాబాదులో ఉప్పల్. డాబాకి నీళ్లు పోయే వాలు ఉంటుంది కాబట్టి రెండడుగుల తాండూరు బండ తెచ్చి, కింద ఇసుక పోసి, రసమట్టంతో అన్నివైపులా సరిచూశాను. దాని మీద నిటారుగా ఒక కడ్డీ.

సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే కడ్డీ కొన నీడ మసకగా పడుతుంది, గుర్తు పెట్టడం కష్టం. కొనకి పక్కకి చాచినట్టు ఒక రేకుముక్క బిగించి, సన్నటి మేకుతో చిల్లు పెట్టాను. చిల్లు బండకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అందులోంచి దారంతో గుండు వదిలి, బండకి తగిలిన చోట చుక్క పెట్టాను. అదే పాదం. ఇప్పుడు రేకు నీడ మధ్యలో పెసరగింజంత వెలుగు పడుతుంది. దాని నడిమికి పెన్సిల్ ఆనిస్తే చాలు.

పాదం చుట్టూ 20 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీశాను. మన పాత జ్యోతిష సిద్ధాంతాల్లోని శంకువు (నిలువు కడ్డీ) పద్ధతే ఇది. వెలుగుచుక్క పొద్దున 10:26కి పడమటివైపు వృత్తం దాటి లోపలికొచ్చింది, మధ్యాహ్నం 2:20కి తూర్పువైపు బయటికి పోయింది. ఆ రెండు గుర్తుల్ని కలిపితే తూర్పు పడమర దొరికినట్టే. స్లాబులో ఇనుము ఉన్నచోట ఫోన్ దిక్సూచి కన్నా నాకు దీని మీదే నమ్మకం.

రెండు టైముల నడిమి 12:23, అంటే సూర్యుడు ఆ రోజుకి అన్నిటికన్నా ఎత్తులో ఉండే వేళ. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు, వెరసి 16 నిమిషాల ఆలస్యం. మిగతా 7 నిమిషాలు భూమి కక్ష్య వల్ల, అక్షం వంపు వల్ల వచ్చినవి, ఇవి రోజురోజుకీ మారుతుంటాయి. ఫిబ్రవరి మధ్యలో ఈ వేళ 12:30 దాకా జరిగి, నవంబరు మొదట్లో సరిగ్గా 12 దగ్గరికి వస్తుంది.

మే 9
12:12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడంతో వెలుగు పాదం మీదికి వచ్చేసింది. పక్కన స్టీలు గ్లాసు బోర్లించాను, చుట్టూ ఎక్కడా నీడ లేదు. వడియాలు తిరగేయడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు వంగి చూసి, “అదేంటి బాబూ, నీడంతా కిందికే పోయిందా!” అన్నారు. నిమిషానికి మిల్లీమీటరుకి కాస్త ఎక్కువగా చుక్క తూర్పుకి జరగడం ఆవిడకి కూడా చూపించాను. ఎంత బాగుందో!

మే చివర
అసలు పనికొచ్చిన సంగతి ఇది. నెట్ ఏడడుగుల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం 12 ప్రాంతంలో నీడ దాని కిందే పడుతుంది, పుదీనా, కొత్తిమీర చల్లగా ఉంటాయి. మూడున్నరకల్లా అదే నీడ ఏడడుగులకి పైగా తూర్పుకి జరిగిపోతుంది. మాడ్చే ఎండ ఆ వేళదే. అందుకని పడమటి అంచు నుంచి కిందిదాకా ఇంకో నెట్ ముక్క వేలాడదీశాను. రెండో రోజుకే పుదీనా వడలిపోవడం తగ్గింది. పైన మాత్రమే నెట్ కట్టుకునేవాళ్లు ముందు పడమటివైపు చూసుకోండి.

జూన్ 21
మబ్బుల మధ్య దొరికిన కాసేపట్లో గుర్తు పెట్టాను. చుక్క పాదానికి దక్షిణంగా 3 సెంటీమీటర్ల మీద కాస్త. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మనకి మధ్యాహ్నపు నీడ దక్షిణానికే పడుతుంది.

జూలై
డిసెంబరు లెక్క వేసి పెట్టుకున్నాను. అప్పుడు మధ్యాహ్నం నెట్ నీడ ఆరడుగులు ఉత్తరానికి జరుగుతుంది. కాబట్టి టమాటాలకి ఎండ తగలాలంటే కుండీలు నెట్ దక్షిణపు అంచు కిందికి మారిస్తే చాలు, నెట్ విప్పే పనిలేదు.

ఆగస్టు 3న 12:23కి మళ్లీ నీడ మాయమవుతుంది. ముసురు పట్టినా టెన్షన్ అక్కర్లేదు. ఈ ఎత్తుకి రోజుకి ఒకటిన్నర మిల్లీమీటరు లోపే తేడా వస్తుంది, 2నో 4నో ఎండ కాస్తే అప్పుడే చూస్తాను.