పెట్రోల్ ముల్లు తీసిన పరువు

ఈ రోజు పొద్దున తాళం తిప్పగానే పెట్రోల్ ముల్లు మెల్లగా లేచి ముప్పావు దగ్గర నిలబడింది. మూడు వారాలైంది దాన్ని అలా చూసి. బండి స్టార్ట్ చేయకుండా రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర నిలబడ్డ మా ఆవిడ "ఏంది, హారతి పట్టుకు రావాల్నా?" అని అడిగింది. ఆమె కోపంలో న్యాయం ఉంది.

మాది 1998 మారుతి 800. ఏపీ 36 నంబరు, కార్బురేటర్ బండి. కంపెనీ ఈ మోడల్ తయారీని 2014లో ఆపేసింది, నేను మాత్రం నడపడం ఆపలేదు. పదిహేనేళ్లు నిండాక 2013లో ఒకసారి, తర్వాత ఐదేళ్లకోసారి గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాను. పిల్లలు అమ్మేయమంటారు. ఇంజిన్ ఈ రోజుకూ ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటుంది, ఎందుకు అమ్మాలి? నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. హన్మకొండలో ఉంటాం. ఉద్యోగం సంగతి ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

వానలకు ముందు, జూన్‌లో, బండి అడుగున తుప్పు కనబడితే ఒక షాపులో కోటింగ్ వేయించాను. ట్యాంకు కూడా దించి, గీకి, నల్లటి మందు పూసి మళ్లీ బిగించారు. ఆగస్టు దాటాక ముల్లు నాటకాలు మొదలుపెట్టింది. గుంతలో పడితే లేచేది, మంచి రోడ్డు రాగానే పడుకునేది. మీటర్ అద్దం మీద వేలితో రెండు దెబ్బలు వేసేవాణ్ణి. ఒక్కోసారి లేచేది కూడా. నా దెబ్బకే లేచిందనుకునేవాణ్ణి.

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం హసన్‌పర్తిలో మా మరదలు వాళ్లింటికి బయల్దేరాం. వెనక సీటు నిండా తంగేడు, గునుగు పూలు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ముల్లు E మీద, అంటే ఖాళీ మీద ఉంది. కరీంనగర్ రోడ్డులో ఒక బంకు దగ్గర ఆపి వెయ్యి రూపాయలది కొట్టమన్నాను. మిషన్ మీద సున్నా చూసుకున్నాను, తొమ్మిది లీటర్ల పైన పడింది. డబ్బులిచ్చి తాళం తిప్పితే ముల్లు కదల్లేదు. బండి ఆపి మళ్లీ తిప్పాను. అద్దం మీద కొట్టాను. E.

అప్పుడు నాకు ఏమైందో నాకే తెలియదు. దిగి ఆ పిల్లవాడి మీద అరిచాను. "వెయ్యి రూపాయలు తీసుకుని గాలి కొట్టినవా?" అన్నాను. పండగ పూట, వెనక లైను రోడ్డు దాకా ఉంది. వాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. "సార్, మిషన్ల వడ్డది మీరే చూసిన్రు గద" అన్నాడు నెమ్మదిగా. వాడు నెమ్మదిగా మాట్లాడేకొద్దీ నా గొంతు పెరిగింది. బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగిన వాళ్లకు కొలిచి చూపాలి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండొద్దు అని నాకు తెలిసిన రూల్సన్నీ అప్పజెప్పాను. ఇంత గట్టిగా రూల్స్ మాట్లాడేవాడు బంకు వాళ్లకు రోజూ దొరకడు.

మేనేజర్ పాత్ర తెచ్చాడు. ముద్ర ఉంది. ఐదు లీటర్లు పట్టారు. గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. "ఇంకోసారి పట్టు" అన్నాను. మళ్లీ గీత మీదే. ఈలోగా బైకుల వాళ్లు దిగి చుట్టూ చేరారు. ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి తగ్గితే బాగుండేది. తగ్గలేదు. "మిషన్‌లో చిప్ ఉంటది, కొలిచేటప్పుడు ఒక తీరు, బండికి కొట్టేటప్పుడు ఒక తీరు" అన్నాను.

అప్పుడు మా ఆవిడ అద్దం దించి, అందరికీ వినపడేటట్టు, "మొన్న ఇంకో బంకుల ఐదు వందలది కొట్టిస్తే గూడ లేవలేదు గద" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లవాడు ట్యాంకు మూత తీసి, వెనక బంపర్ మీద చెయ్యి పెట్టి బండిని రెండుసార్లు ఊపాడు. లోపల పెట్రోల్ బుడుగ్ బుడుగుమంది. వెనక సీట్లో గునుగు పూలు కిందికి జారాయి. "ఇనబడ్డదా సార్?" అన్నాడు. వాడు నవ్వలేదు. నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు. మిగతా వాళ్లు మాత్రం కడుపారా నవ్వారు. నేను ఏమీ అనకుండా బండెక్కాను. సారీ కూడా చెప్పలేదు. హసన్‌పర్తి దాకా మా ఆవిడ కిటికీ బయటికే చూసింది. బతుకమ్మ ఆడుతున్నంతసేపూ నేను బండి దగ్గరే నిలబడ్డాను. ఆ వీడియో ఎవరికి పోయిందోనని రెండు రోజులు టెన్షన్.

దసరా కాగానే పనిలో దిగాను. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే బానెట్ కూడా ఎత్తకుండా "మీటర్ బోర్డు పోయింది సార్, 2,800 అయితది" అన్నాడు. ఇలాంటి వాళ్లను నమ్మకండి. తెలియనప్పుడల్లా పెద్ద సామానే పోయిందంటారు. మీటరా కాదా తేల్చడానికి పది నిమిషాలు చాలు. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది. పెట్రోల్‌తో పాటు అది లేచి దిగుతుంటే, దాని చేతికున్న కొన రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది. ఆ రెసిస్టెన్స్‌ను బట్టే ముల్లు లేస్తుంది. మీటర్ నుంచి వచ్చే వైరును ఫ్లోట్ దగ్గర ఊడదీసి, మధ్యలో ఒక చిన్న 12 వోల్టుల బల్బు పెట్టి బాడీకి ఆనించాలి. వైరు కొసను ట్యాంకుకు దూరంగా జరిపి, నిప్పురవ్వ లేకుండా చేయాలి. నేను చేస్తే బల్బు వెలిగింది, ముల్లు లేచింది. అంటే మీటరూ బాగుంది, అక్కడిదాకా వైరూ బాగుంది. మెకానిక్‌కు ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. అవసరం లేదు, అయినా చెప్పాను.

ఇక ఫ్లోటే పోయిందని ఖాయం చేసుకున్నాను. ఇంకో చోట 600 ఇచ్చి ట్యాంకు దింపించాను. బ్యాటరీ నెగెటివ్ ముందే తీసేశాం, అది మరిచిపోకండి. ఫ్లోట్ బయటికి తీసి మల్టీమీటర్ పెట్టాను. ఫ్లోట్ చెయ్యి పైకి లేపితే రెసిస్టెన్స్ నాలుగు ఓమ్స్, కిందికి వదిలితే నూట పది పైన. మధ్యలో ఎక్కడా తెగకుండా సాఫీగా మారింది. ఇంతకంటే మంచి ఫ్లోట్ కొత్తది కొన్నా రాదు. తుడిచి బిగించాం. తాళం తిప్పితే మళ్లీ E.

మీటర్ బాగుంది, వైరు బాగుంది, ఫ్లోట్ బాగుంది, ముల్లు లేవదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కాగితం మీద సర్క్యూట్ గీసుకుని కూర్చుంటే మా ఆవిడ "అమ్మెయ్యరాదు" అని లైటార్పింది.

చివరికి ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమో పనులు చేసే ఒక ముసలాయన దగ్గరికి పోయాను. నేను బల్బు పరీక్ష, ఓమ్స్ లెక్క అన్నీ వివరంగా చెప్తున్నాను. ఆయన బీడీ పక్కన పారేసి, కిందికి వంగి చూసి, ఒక్కటే అడిగాడు. "సాబ్, కింద ఈ నల్ల మందు ఎప్పుడు పూసిన్రు?"

అంతే, నాకు చెమట పట్టింది. ఆయన ఇంకేమీ చెప్పక్కర్లేదు. ముక్క వైరు తీసుకుని ఒక కొస ఫ్లోట్ బిగించి ఉన్న ప్లేటుకు, ఇంకో కొస గీకి తెల్లగా చేసిన బోల్టుకు ఆనించాడు. "చూడున్రి సాబ్" అన్నాడు. ముల్లు లేచింది.

ఎర్త్. అంటే కరెంటు బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరే దారి. ఫ్లోట్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు రింగును ఆ షాపు వాళ్లు కోటింగ్ మీదే పెట్టి స్క్రూ బిగించారు. స్క్రూ చుట్ల దగ్గర కొద్దిగా తగిలినన్నాళ్లు పనిచేసింది, వానలకు అక్కడ తుప్పు పట్టాక ఆగిపోయింది. నేను ఫ్లోట్‌ను దాని ప్లేటుకే కొలిచాను గానీ, ఆ ప్లేటు నుంచి బాడీకి కొలవలేదు. బల్బును పెట్టింది కూడా శుభ్రంగా ఉన్న వేరే బోల్టుకు. ముప్పై రెండేళ్లు ఊరూరా తిరిగి "ఎర్తింగ్ సరిగ్గా ఉందా, గుంతలో ఉప్పు, బొగ్గు వేశారా, నీళ్లు పోస్తున్నారా" అని రైతులను సతాయించిన మనిషిని నేను. నిజానికి ఇంకో రోజు టైమిస్తే నేనే పట్టేవాణ్ణి.

ఆయన రింగు తీసి, మందు గీకి, కింద ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్లున్న వాషర్ వేసి బిగించి పైన గ్రీజు పూశాడు. 150 తీసుకున్నాడు. నేను 200 ఇస్తే యాభై తిరిగిచ్చాడు.

అదే ఊపులో కోటింగ్ షాపుకు పోయి అడిగాను. "కోటింగ్ మంచిగనే వట్టింది గద సార్" అన్నాడు వాడు. నిజమే, అంత బాగా పట్టింది కాబట్టే కరెంటు పోలేదు. మీరు కోటింగ్ వేయిస్తే బండి తీసుకునే ముందు అక్కడే తాళం తిప్పి లైట్లు, ముల్లు అన్నీ చూసుకుని డబ్బులివ్వండి. ముల్లు తేడాగా ఉన్నన్ని రోజులు, పెట్రోల్ కొట్టించినప్పుడల్లా కిలోమీటర్లు చీటీ మీద రాసి పెట్టుకోండి. నా బండి లీటరుకు పదిహేను ఇస్తుంది, ఆ లెక్క నేను వేసుకుని ఉంటే బంకులో నోరు లేచేదే కాదు.

ఆ పిల్లవాడికి ఒకసారి ముల్లు చూపించి సారీ చెప్పి రమ్మని మా ఆవిడ రోజూ పోరుతోంది. పోవాలి. నిన్న మాత్రం ఆ బంకు దాటుకుని రెండు కిలోమీటర్లు ముందుకు పోయి ఇంకో దాంట్లో కొట్టించుకున్నాను. దాటేటప్పుడు అద్దం ఎత్తుకున్నాను.