1.6 అంటే ఉన్నట్టా, లేనట్టా?

రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. హెచ్‌ఎస్‌వీ-2 అంటే జననాంగాల దగ్గర పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్. దాని ఐజీజీ (ఆ వైరస్‌పై ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల లెక్క) 1.6, పక్కనే లావు అక్షరాల్లో ‘పాజిటివ్’. నాకు పుండు లేదు, మంట లేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కదా, మనశ్శాంతి కోసం చేయించుకున్న టెస్టు అది. ఉన్న శాంతి కాస్తా పోయింది.

అమీర్‌పేటలో స్కిన్ డాక్టరమ్మ కాగితంలో ఐజీజీతో పాటు ఐజీఎం అనే ఇంకో యాంటీబాడీ టెస్టు చూడగానే “ఈ ఐజీఎం ఎవరు రాశారు?” అని విసుక్కున్నారు. ఇన్‌ఫెక్షన్ పాతదో కొత్తదో అది తేల్చలేదట. ఐజీజీ 1.1 దాటితే ల్యాబులు పాజిటివ్ అనేస్తాయి. కానీ 3 లోపు అంకెల్లో చాలా వరకు ఉత్తుత్తివే, వేరే పద్ధతిలో మళ్లీ చూడాల్సిందే. నెగెటివ్‌ను నమ్మాలన్నా కలయిక జరిగి 12 వారాలు దాటాలి. పొక్కే వస్తే రక్తంతో పని లేదు, అది ఎండకముందే స్వాబ్ తీసి పీసీఆర్ చేయించడం మేలు.

పెదాల మీద పొక్కులు తెచ్చే హెచ్‌ఎస్‌వీ-1 కూడా పాజిటివే. “చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుంటారు బాబూ, సగం లోకానికి ఉంటుంది” అని నవ్వేశారు. ఆ నవ్వుకే నాకు సగం టెన్షన్ దిగింది.

రెండో టెస్టుకి రక్తం ఇచ్చాను. అమ్మ అడిగితే విటమిన్-డి తక్కువుందన్నాను. అదీ నిజమే.