మామిడి తోటలో ఎర్రచందనం మొలక

ఆదివారం.

పొద్దున్నే సిద్ధవటం దగ్గర చిన్నాయన తోటకు పోయాను. వానలు పడ్డాక మామిడి చెట్ల కింద కలుపు మోకాలెత్తు లేచింది, కూలోళ్లు కోసుకుంటూ వస్తున్నారు. గెనెం (పొలం గట్టు) పక్కన గడ్డిలో ఎర్రచందనం మొలక కనబడింది. జానెడు కూడా లేదు, గుండ్రటి ఆకులు. లంకమల కొండ మీంచి కాయ గాలికి కొట్టుకొచ్చి పడుంటుంది. ఆ కాయ చిన్న అప్పడంలా ఉంటుంది, చుట్టూ పల్చటి రెక్క, నడుమ గింజ.

"పీకెయ్ అబ్బీ" అన్నాడు చిన్నాయన. "పెద్దదైతే కొట్టాలన్నా పర్మిషన్, తోలాలన్నా పర్మిషన్. రాత్రిపూట ఎవడో నరుక్కుపోతే అడిగేది నన్నే."

ఆయన టెన్షన్‌లో అర్థముంది. పట్టా భూమిలో పెరిగినా ఎర్రచందనం కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాల్సిందే.

ఈమధ్య చాక్లెట్‌కు వాడే కోకో తోటల గురించి చదువుతున్నా, ఘానా రైతులదీ ఇదే బాధ. పొలంలో దానంతటది మొలిచిన కలప చెట్టు అక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. దాన్ని కొట్టడానికి వచ్చినవాళ్లు కింద ఉన్న కోకోను విరగ్గొట్టి పోతారు. అందుకే చాలామంది రైతులు ఆ చెట్లను మొలకలుగా ఉన్నప్పుడే తీసేస్తారు.

బ్రెజిల్‌లోని బహియాలో అడవిని మొత్తం నరక్కుండా పెద్ద చెట్లను ఉంచి, వాటి నీడలో కోకో వేశారు. ఆ పద్ధతిని కాబ్రూకా అంటారు. బంగారు రంగు తల ఉండే అక్కడి చిన్న కోతులు ఆ తోటల్లోనూ బతుకుతున్నాయి. 1989లో కోకోకు విచెస్ బ్రూమ్ అనే శిలీంధ్ర తెగులు తగిలి అప్పులపాలైన రైతులు ఎంతోమంది ఆ పెద్ద చెట్లను అమ్ముకున్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం కలుపు సంగతి. ఆ తోటల్లో ఏటా కలుపు కోసేటప్పుడు గడ్డితోపాటు అడవి మొలకలూ తెగిపోతాయి. పైన ముసలి చెట్లు పచ్చగా ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. అవి పడిపోయాక వాటి చోట లేచేది ఏదీ ఉండదు.

మన దగ్గర కోకో రాదు. దానికి నీళ్లూ తేమా ఎక్కువ కావాలి, ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో వేసినట్టు ఇక్కడ వేయలేం. కానీ ఎర్రచందనం సహజంగా పెరిగేదే శేషాచలం, వెలిగొండ, లంకమల లాంటి మన కొండల్లో. కొండ కింది తోటల్లో మొలిచినవాటిని మనమే పీకేస్తే ఇంకెక్కడ పెరగాలి?

చిన్నాయనతో చాలాసేపు వాదించాను. చివరికి "ఆఫీసుల చుట్టూ నువ్వు తిరుగుతానంటే ఉంచుతా" అన్నాడు. మొలక చుట్టూ రేగు కంప నాటి, కూలోళ్లకు చూపించి వచ్చాను. పాసు పుస్తకం జిరాక్స్ బ్యాగులో పెట్టుకున్నా. రేపు కడపలో అటవీ శాఖ ఆఫీసుకు పోయి, చెట్టు రైతు పేరున రాయించుకోవాలంటే ఏమేం కావాలో అడగాలి.