బొంత అయిపోయిందోచ్!

మొత్తానికి నా మొదటి బొంత పూర్తయిందండీ. నిన్న రాత్రి ఆఖరి వరస కుట్టి దారం తెంపానో లేదో మా ఆయన దాన్ని మంచం మీద పరుచుకుని ఫోన్ పట్టుకుని పడుకున్నాడు, "ఆన్‌లైన్‌లో కంఫర్టర్లు దొరుకుతుంటే ఎందుకే ఈ తిప్పలు" అన్న మహానుభావుడు ఈయనే.

మొదట్లో అమెరికా వాళ్ళ క్విల్టింగ్ వీడియోలు తెగ చూశాను. వాళ్ళు ముక్కలు అతికి మధ్యలో దూది షీట్ పెడతారు, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మన ఎండలకి ఆ దూది ఎందుకు చెప్పండి? మన బొంతకి పైనా లోపలా అన్నీ పాత చీరలే. ఐదున్నర మీటర్ల చీరని సగానికి కోసి రెండు ముక్కలూ పక్కపక్కన కలిపితే డబుల్ కాట్‌కి ఒక పొర వస్తుంది, అలా నాలుగు పొరలు వేశాను, అన్నీ అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన కాటన్ చీరలు. సింథటిక్ అయితే పొరలు జారిపోతాయి, కొత్త కాటనేమో ఉతికాక అదొక్కటే కుంచించుకుపోయి మిగతావాటిని లాగేస్తుంది.

ఇక అసలు పని పొరలు కదలకుండా చూడ్డం. హాల్లో సామానంతా జరిపేసి, నేల మీద పరిచి, మూలలకి పచ్చడి జాడీలు పెట్టి, ముందు పొడుగు పొడుగు టాకాలు వేసుకున్నాను. కరీంనగర్ నుంచి మా పెద్దమ్మ వీడియో కాల్‌లో సూపర్వైజర్ అన్నమాట, "దారం గంతగనం గుంజకు బిడ్డా, ముడుచుకపోతది" అని ఒకటే పాట.

సూది ఏటవాలుగా దిగితే పైన కుట్టు బానే కనిపిస్తుంది, కింద మాత్రం చిన్న చుక్కలా పడి కింది పొర సరిగ్గా పట్టదు. అందుకే ఎడమ చెయ్యి కింద పెట్టి, సూది మొన వేలికి తగలగానే పైకి తోయాలి, ఆ వేలి చివర కొన్నాళ్ళకి మొద్దుబారిపోతుంది లెండి. కుడిచేతి వేలికి టైలర్లు పెట్టుకునే ఇనప టోపీ ఉంటే చాలు.

వరసకీ వరసకీ ఎంత సందు ఉండాలి అని అడిగితే పెద్దమ్మ కొలత చెప్పలేదు, "చీరనే అడుగు" అంది. కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే తెలిసింది, కుచ్చిళ్ళు దోపుకునే చోటా, కాళ్ళకి తగిలే అంచు దగ్గరా నేత పల్చబడి వెలుతురు కనిపిస్తోంది. అలాంటి చోట వరసలు దగ్గరదగ్గరగా, గట్టిగా ఉన్నచోట రెండు వేళ్ళ సందుతో వేశాను. దూరం నుంచి చూస్తే వంకరటింకరగా ఉందనిపిస్తుంది, నాకైతే అదే నచ్చింది.

మేం నిలువు వరసలు వేస్తాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ అనే ఆఫ్రికా మూలాలున్న తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంతలో అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు, నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డముక్కలు పువ్వుల్లా కుడతారు. రెండోది అలా ట్రై చేద్దామని అమ్మని ఇంకో నాలుగు చీరలు అడిగాను, బీరువా తాళంచెవి కనిపించట్లేదు అంటోంది 😄