బకెట్‌కి పెట్టిన చిల్లు నేర్పిన చాప్టర్

సివిల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక చాప్టర్ గురించి చెప్పాలి. ఆరిఫైస్‌లు, మౌత్‌పీస్‌లు, అంటే ట్యాంకుకి పెట్టే చిల్లులు, ఆ చిల్లుకి బిగించే పొట్టి గొట్టాలు. పరీక్ష ముందు రోజు చూసుకుందాంలే అని చాలామంది వదిలేసేది ఇదే. నేనూ 0.62, 0.82, 0.5, 0.707 అని డిశ్చార్జ్ కోఎఫిషెంట్లు (లెక్క ప్రకారం రావాల్సిన నీటిలో నిజంగా వచ్చే వంతు) కాగితం మీద రాసి గోడకు అంటించుకుని, చదివేశాననే అనుకున్నాను. మాక్ టెస్ట్‌లో ట్యాంకు లోపలికి పొడుచుకుని ఉండే మౌత్‌పీస్ అడిగితే 0.82 పెట్టి వచ్చాను. తెలిసిన ప్రశ్నకే మార్కు పోయిందని రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం ఆమదాలవలసలో మా పెరట్లో పాత పెయింట్ బకెట్‌కి అడుగున పక్కగా 10 మిల్లీమీటర్ల చిల్లు పెట్టాను. నీళ్లు 30 సెంటీమీటర్ల గీత నుంచి 10 సెంటీమీటర్ల గీతకు దిగడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. తర్వాత అంతే లోపలి వ్యాసం, 3 సెంటీమీటర్ల పొడవు ఉన్న పైపు ముక్కని బయటివైపు ఎంసీల్‌తో అంటించాను. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు! "ఏటిరా, పొద్దున్నుంచి ఆ బకెట్‌తో?" అని అమ్మ అడుగుతూనే ఉంది.

చిల్లు అంతే, నీటిమట్టం అంతే. మరి తేడా ఎక్కడిది? పక్కల నుంచి వచ్చే నీరు పదునైన అంచు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరగలేదు. అందుకే ధార చిల్లు దాటాక ఇంకా సన్నబడుతుంది. బల్బు వెలుగులో దగ్గరగా చూస్తే, చిల్లు నుంచి అర సెంటీమీటరు దూరంలో ధార గాజు కడ్డీలా నున్నగా, బాగా సన్నగా కనిపిస్తుంది. ధార అన్నిటికన్నా సన్నబడే ఆ చోటే వీనా కాంట్రాక్టా. నీటిమట్టాన్ని బట్టి రావాలని శాస్త్రవేత్త టోరిచెల్లి చెప్పిన వేగం దాదాపు పూర్తిగా వస్తుంది, తగ్గేది ధార మందమే. అందుకే ఉత్త చిల్లుకి 0.62. పైపు ముక్క ఉంటే సన్నబడిన ధార మళ్లీ విచ్చుకుని గొట్టమంతా నిండుతుంది. మధ్యలో పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గి నీటిని లాగుతుంది. అలా 0.82.

అదే ముక్కని లోపలికి తిప్పి పెడితే సమయం రెంటికీ మధ్యలో వచ్చింది. నీరు వెనక్కి పోయి పూర్తిగా వెనుదిరిగి రావాలి మరి. గొట్టం నిండి పారితే 0.707. ముక్క పొట్టిదై ధార గోడను తాకకపోతే 0.5. అంచుని గంట మూతిలా గుండ్రం చేస్తే మలుపు బాధే లేదు, 0.97 దాటుతుంది. బ్యారేజీ పియర్ల (గేట్ల మధ్య స్తంభాల) ముక్కు గుండ్రంగా కట్టేదీ ఇందుకే. హిరమండలం వైపు వెళ్లి గొట్టా బ్యారేజీ దాటినప్పుడల్లా ఇప్పుడు నా చూపు అక్కడికే పోతుంది.

నాచ్‌లనూ (ప్రవాహం కొలవడానికి పలక పై అంచున కోసే గాళ్లు) ఇలాగే ఆకారం నుంచి పట్టుకోండి. వి నాచ్‌లో మట్టం పెరిగితే వెడల్పూ పెరుగుతుంది కాబట్టి ప్రవాహం మట్టానికి 5/2 ఘాతం, దీర్ఘచతురస్రానికి 3/2. మట్టం కొలతలో 1 శాతం తప్పు జరిగితే ప్రవాహంలో వరుసగా 2.5, 1.5 శాతం తప్పు వస్తుంది. ఈ బిట్టుకి ఫార్ములా వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో పాత బకెట్ ఉంటే ఈ ఆదివారమే చిల్లు పెట్టండి, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఎలాగూ ఉంటుంది.