పాత ల్యాప్‌టాప్‌కి ముందు ఎస్‌ఎస్‌డీ, ఆ తర్వాతే ర్యామ్

ల్యాప్‌టాప్ నెమ్మదించగానే చాలామంది మొదట కొనేది ర్యామ్, అంటే నడుస్తున్న పనుల డేటాని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. ఏదీ కొనకముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. రోజూ చేసే పనే చేసుకుంటూ పెర్ఫార్మెన్స్ ట్యాబ్ మీద కన్నేసి ఉంచండి. డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోయి, చదివే వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీలు దాటకపోతే దోషి హార్డ్ డిస్కే, దాని బదులు కదిలే భాగాలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. అదే సమయంలో మెమరీ కూడా 90 శాతం దాటిందా? అప్పుడు ర్యామ్ చాలక విండోస్ డేటాని డిస్క్ మీదికి తోస్తోందన్నమాట. 4 జీబీ మెషిన్లలో ఈ రెండూ కలిసే కనిపిస్తాయి, రెండూ మార్చాల్సిందే.

నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్ పెద్ద ఫైలుని వరసగా చదివితే సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది డిస్క్ అంతా చెల్లాచెదురుగా పడి ఉన్న వేలాది చిన్న ముక్కల్ని. ప్రతి ముక్కకీ చదివే హెడ్ జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. దానికి పది పదిహేను మిల్లీసెకన్లు. అంటే సెకనుకి వంద ముక్కలు దాటడమే గగనం. మామూలు సాటా (డ్రైవ్‌ని బోర్డుకి కలిపే పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ కూడా అలాంటివి వేలల్లో అందిస్తుంది. అందుకే ఆ కనెక్షన్‌లో నెమ్మది తరమైన సాటా 2 ఉన్న బాగా పాత మెషిన్‌లో సైతం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెట్టె మీద రాసిన సెకనుకి 550 ఎంబీ రాదు, అందులో సగం వస్తుంది. అయినా సరే.

కొనేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది ఎం.2 స్లాట్, అంటే సన్నటి కార్డు రూపంలోని ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు. ఆ స్లాట్లలో కొన్ని సాటా మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) మాత్రమే, కొన్ని రెండూ తీసుకుంటాయి. కార్డు స్లాట్‌లో కూర్చుంది కదా అని పనిచేస్తుందనుకోకండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసి తేల్చుకోండి, 2280 (80 మిల్లీమీటర్ల) పొడవు పడుతుందో 2242 (42 మిల్లీమీటర్లు) మాత్రమే పడుతుందో కూడా అందులోనే ఉంటుంది. రెండోది మందం. పాత 2.5 అంగుళాల డిస్కులు ఎక్కువగా 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీలు 7. ఖాళీ పూడ్చే స్పేసర్ పెట్టకపోతే కొన్ని మెషిన్లలో డ్రైవ్ అమర్చే అరలో డ్రైవ్ కదిలి కనెక్టర్ వదులవుతుంది.

డేటా తరలించే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలోకేటెడ్ సెక్టార్లు (పాడై వేరే చోటికి మార్చినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉన్నవి) సున్నా కాకపోతే క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించడం) జోలికి పోకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి. పాడైన సెక్టార్ దగ్గర క్లోనింగ్ గంటల తరబడి ఇరుక్కుపోతుంది, ఈలోగా డిస్క్ పూర్తిగా పోవచ్చు. నన్నడిగితే డిస్క్ బాగున్నా సరే, కొత్తగా విండోస్ వేసుకోవడమే మేలు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తని కొత్త డ్రైవ్‌లోకి మోసుకెళ్లడం ఎందుకు? విండోస్ 10, 11ల డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి డ్రైవ్ మారినా యాక్టివేషన్ పోదు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో) సాటా మోడ్, ఎస్‌ఎస్‌డీకి తగిన ఏహెచ్‌సీఐగా ఉందో లేదో మాత్రం ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోండి.

విప్పేటప్పుడు చార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూలు ఎక్కువగా పీహెచ్0, పీహెచ్00 (చిన్న ప్లస్ గుర్తు) సైజువి, ఒకటి రెండు రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి. పొడవు స్క్రూని పొట్టి దాని చోట బిగిస్తే పామ్‌రెస్ట్ పైకి పొడుచుకొస్తుంది, కాబట్టి తీసినవి తీసిన వరసలోనే పేర్చుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే, ముందు దాని సంగతి చూడండి. గుచ్చకండి, వంచకండి, చార్జ్ చేయకండి.

ర్యామ్‌లో తరం సరిపోవాలి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, గాడి కూడా వేరే చోట ఉంటుంది. అసలు చిక్కంతా డీడీఆర్3, డీడీఆర్3ఎల్ దగ్గర. రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి, కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకి డీడీఆర్3ఎల్ మాత్రమే కావాలి, మామూలు డీడీఆర్3 పెడితే స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు. ఎల్ రకాన్ని 1.5 వోల్టుల పాత మెషిన్‌లో పెట్టినా నడుస్తుంది కాబట్టి సందేహం ఉంటే అదే కొనండి. 8 జీబీ ఒకటి కన్నా 4 జీబీవి రెండు పెడితే డ్యుయల్ చానల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా నడవడం) వస్తుంది, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న మెషిన్లకి అది బాగా పనికొస్తుంది. స్లాట్‌లో ఏటవాలుగా దూర్చి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనే దాకా కిందికి నొక్కాలి. మెషిన్ ఆన్ కాకపోతే చాలాసార్లు కారణం అది సరిగ్గా కూర్చోకపోవడమే. తర్వాత రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి.

మూత తెరిచారు కాబట్టి ఫ్యాన్ కూడా శుభ్రం చేయండి. రెక్కల్ని వేలితో ఆపి పట్టుకుని గాలి కొట్టండి. దుమ్ము ఫ్యాన్ మీద కంటే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగే లోహపు భాగం) రేకుల వెనక పట్టలా పేరుకుంటుంది. హీట్‌సింక్ తీసి, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య వేడిని చేరవేసే పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టి, హీట్‌సింక్ మీద చెక్కిన అంకెల వరసలోనే స్క్రూలు బిగించండి. థర్మల్ ప్యాడ్ (వేడిని చేరవేసే మెత్తటి పట్టీ) ఉన్నచోట పేస్ట్ రాయొద్దు. అక్కడి ఖాళీ ఎక్కువ, పేస్ట్ దాన్ని పూడ్చలేదు.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ మార్చే ఆలోచన వదిలేయండి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లన్నింటిలో దాదాపుగా అవి బోర్డుకి టంకం పెట్టే వస్తాయి. ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని మినహా దేనికీ విండోస్ 11 అధికారికంగా రాదు, ఎన్ని భాగాలు మార్చినా ఆ నిబంధన మారదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి మెషిన్‌లో ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవచ్చు, 4 జీబీ ర్యామ్‌తోనే బ్రౌజింగ్, రాతపని హాయిగా సాగుతాయి.